నూనె కాని పద్దు

పిల్లాడి లెక్కల నోట్సులో మిగిలిన పేజీలకి
నడిమధ్య గీత గీశాను, స్కేలు లేక దువ్వెన పెట్టి.
ఎడమ పక్క నూనె.
కుడి పక్క నూనె కానిది.

నూనె అంటే దిల్లేసు.
ఎడారిలో గొట్టానికి గొట్టం అతికించే మనిషి.
తిత్లీ మా కొబ్బరి చెట్లు నలభై రెండింటినీ
ఒక్క రాత్రిలో పడుకోబెట్టేశాక
సోంపేట ఏజెంటుకి నోటు రాసిచ్చి విమానమెక్కాడు.
అప్పట్నుంచీ ఈ ఇంట్లో
స్లాబూ, బోరూ, అత్తని డయాలసిస్‌కి తిప్పే ఆటో కిరాయీ
అన్నీ భూమి కింద నుంచే వస్తున్నాయి,
మాది కాని భూమి.

నూనె కానిదంటే నేను.
తెల్లారగట్ల కాశీబుగ్గ ఆటోలో పదకొండు మందిమి,
ఒకరి ఒళ్లో ఒకరి టిఫిను డబ్బా.
బట్టీలో కాలొచ్చిన గింజని కొడితే
పెంకు రెండు చెక్కలవ్వాలి, పప్పు అవకూడదు.
గుండుకో రేటు, బద్దకో రేటు.
ముక్కయితే మేస్త్రీ చూసే చూపే రేటు.

కిందటి శుక్రవారం దిల్లేసు వాయిస్ పెట్టాడు.
"నూని రేటు పడిపోనాదట దమయంతీ.
ఈ దేశపోళ్లు నూని కాని ఆదాయం ఎతుకుతన్నారు.
కార్డుకి ఫీజు, లేటైతే ఫైను,
కొట్లో రొట్టి కొంటే ఐదున్న పన్ను పదిహేను సేసీసినారు.
బావులు ఎండితే ఇంకేటి తవ్వుతారు సెప్పు?
మమ్మల్నే తవ్వుతన్నారు.
ఈ నెల పదివేలే. సర్దుకో."
వెనక ఎవరో పకపకా నవ్వారు,
మలయాళం నవ్వో బెంగాలీ నవ్వో.
మూడుసార్లు విన్నాను,
పదివేలు అన్నచోట గొంతు ఎలా ఉందోనని.

మర్నాడే కూర్మారావు దిగాడు,
పంచాయతీ రశీదు పుస్తకం చంకలో పెట్టుకుని.
"స్లాబేసినారు గదమ్మా, ఇంటిపన్ను పెరిగినాది."
మంచినీళ్లిస్తే తాగి, గుమ్మం పక్కన కూలబడి
తన గోడు మొదలెట్టాడు.
చెరువు పాటకి ఎవరూ రారు, సంత లేదు, ఇసుక లేదు,
పంచాయతీకి ఉన్నదల్లా ఈ గల్ఫు స్లాబులే.
అక్కడ డబ్బు కదలకపోతే ఇక్కడ పన్ను కదలదు,
పన్ను కదలకపోతే వీధి లైటు వెలగదు.
"ఆలోసిస్తే నా జీతం కూడా
నూని దీపమేనమ్మా."

నవ్వొచ్చింది నాకు.
ఆ దేశానికీ ఈ కూర్మారావుకీ ఒకటే బెంగ.
ఎక్కడెక్కడ వెతికినా
ఇద్దరూ వచ్చి ఆగేది మా గుమ్మంలోనే.

బియ్యం డబ్బాలోంచి కుడి పక్క డబ్బులు తీశాను.
ఎడమ పక్కవి ముట్టుకోలేదు. ఎందుకో, పట్టుదల.
లెక్కపెడుతూ వేళ్లు చూసుకున్నాను,
నల్లగా, పొరలు లేచి.
బూడిద రాసుకున్నా, ఆముదం పూసుకున్నా
జీడి నూనె తోలు తినిగానీ వదలదు.
రేషను మిషను నా వేలు గుర్తుపట్టక ఏడాదయింది,
నెలనెలా కంటిపాప చూపించి బియ్యం తెచ్చుకుంటున్నాను.
నూనె కాని పక్కన కూడా
ఉన్నది నూనే.
దువ్వెన పెట్టి అంత తిన్నగా గీసిన గీత!

కూర్మారావు రశీదు రాశాడు,
దిల్లేశ్వరరావు పేరున.
"కట్టింది నేను కదా?" అన్నాను.
"ఇల్లెవరి పేర్న ఉంటే ఆళ్ల పేరే రాస్తామమ్మా."
కాగితం అందుకుంటుంటే అంచు మీద
కార్బన్ కన్నా నల్లగా నా బొటనవేలు పడింది.
తుడవబోయాడు.
ఉండనీ అన్నాను.

చిల్లర లేదని నాలుగు రూపాయలు ఉంచేసుకున్నాడు.
రాత్రి పుస్తకం తెరిచి
ఆ నాలుగూ ఏ పక్క రాయాలో తెలీక
గీత మీదే రాశాను.